వేట సాగినన్నాళ్ళూ ఉత్సాహం సాగాలంటే...

కోస్తా వాళ్ళకు వేట అంటే చేపల వేటే. చేపలు గుడ్లు పెట్టే కాలం గనుక, తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు మరబోట్లు సముద్రంలోకి వెళ్ళరాదని నిషేధం ఉంది. ఆ 61 రోజులూ విశాఖపట్నం, కాకినాడ, మచిలీపట్నం, నిజాంపట్నం రేవుల్లో బోట్లు బారులు తీరి నిలబడతాయి. వలలు అల్లుకుంటారు. ఇంజన్లు విప్పి బాగు చేయించుకుంటారు. జూన్ 15 వచ్చిందంటే గంగమ్మకు కొబ్బరికాయ కొట్టి బయలుదేరతారు. ఆనాడు రేవులో కనిపించే ఉత్సాహం పెళ్ళివారింట్లో కూడా కనిపించదు.

ఆ ఉత్సాహం ఎన్నాళ్ళుంటుంది? మళ్ళీ ఏప్రిల్ వరకు పది నెలల సీజను. దసరా దాటేసరికి అదే మనిషి పిల్లల మీద విసుక్కుంటాడు. బోటెక్కాలంటే కాళ్ళు రావు. వలలో ఏం పడినా సంతోషం కలగదు. "ఏదో వెళ్ళాలి గనుక వెళ్తున్నా"నంటాడు. ఇంట్లోవాళ్ళు బద్ధకమనుకుంటారు. పెద్దవాళ్ళు దిష్టి తగిలిందంటారు. నిజానికి అది బద్ధకమూ కాదు, దిష్టీ కాదు.

మా ఇంట్లో వేటకు వెళ్ళేవారెవరూ లేరే అని పేజీ తిప్పేయకండి. పెళ్ళిళ్ళ సీజనులో వంటవారికి, దసరా నుంచి సంక్రాంతి దాకా బట్టల కొట్లో నిలబడేవారికి, మార్చి నెలలో లెక్కలు ముగించే గుమాస్తాలకు, ఏడాది పొడుగునా పోటీ పరీక్షలకు చదివే పిల్లలకు వచ్చే ఇబ్బంది కూడా ఇదే. అయితే సముద్రం మీద దాని పర్యవసానం మరీ ప్రమాదం. అలసిన గుమాస్తా కూడికలో తప్పు చేస్తే మర్నాడు దిద్దుకోవచ్చు. అలసిన సరంగు తెల్లవారుజామున చుక్కాని దగ్గర కునుకు తీస్తే, బోటులో ఉన్న ఎనిమిది మంది ప్రాణాలకూ ముప్పే. అందుకే వేట ఉదాహరణగానే ఈ సంగతి చెప్పుకుందాం.

అలసట వేరు, ఉత్సాహం చావడం వేరు

రోజంతా వల లాగితే అలసట రావడం సహజం. కడుపునిండా తిని, రాత్రి కంటినిండా నిద్రపోతే మర్నాటికి అది పోవాలి. పోయిందంటే అది ఆరోగ్యమైన అలసటే. రెండు మూడు రోజులు ఒడ్డున విశ్రాంతి తీసుకున్నా పోలేదంటే దానికి వేరే పేరు పెట్టాలి.

హెర్బర్ట్ ఫ్రాయిడెన్‌బెర్గర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1974లో ఈ స్థితికి బర్నవుట్ అని పేరు పెట్టాడు. లోపలి చమురు అయిపోయి వత్తి మాడినట్లన్నమాట. 2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దీనిని తన వర్గీకరణలో చేర్చింది. జబ్బుగా కాదు, పని ఒత్తిడిని సరిగా సంబాళించుకోలేకపోవడంవల్ల కలిగే స్థితిగా చేర్చింది. దీనికి మూడు గుర్తులు చెప్పింది. మొదటిది, సత్తువంతా ఉడిగిపోయినట్లుండటం. రెండోది, పని మీద ఏవగింపు, తనకేమీ పట్టనట్లుండటం. మూడోది, తానేం చేసినా ప్రయోజనం లేదనిపించడం.

ఇక్కడొక సంగతి గమనించండి. పని అంటే మొదటి నుంచీ ఇష్టం లేనివాడు అంతగా అలసిపోడు, ఎందుకంటే సగం మనసుతోనే చేస్తాడు. ఎక్కువగా మాడిపోయేది ఉత్సాహవంతుడే. సీజను మొదట్లో చేపలు బాగా పడతాయి. రేవుకు వచ్చిన రాత్రే ఐసు, డీజిలు నింపుకొని తిరిగి వెళ్ళిపోయేవాళ్ళున్నారు. పది నెలలకు దాచుకోవలసిన శక్తిని రెండు నెలల్లో ఖర్చు చేస్తారు.

బలం సూదితో బలం రాదు

తీరప్రాంతపు ఆసుపత్రుల్లో చాలా ఏళ్ళు పనిచేశాను. సీజను నడిమధ్యలో వచ్చే రోగుల్లో సగంమంది అడిగేది ఒకటే. "డాక్టరు బాబూ, ఒంట్లో సత్తువ నేదు. బలానికి సూదేదైనా యెయ్యండి, నేపోతే ఓ సెలైను పెట్టించండి."

సెలైను సీసాలో ఉండేది నీరు, ఉప్పు. అందులో బలమేమీ లేదు. గ్లూకోజు సీసా పెట్టించుకుంటారా? అయిదు శాతం గ్లూకోజు అర లీటరు ఎక్కిస్తే ఒంట్లోకి చేరేది 25 గ్రాముల చక్కెర. ఒక పెద్ద అరటిపండు తింటే వచ్చే శక్తి కూడా దాదాపు అంతే! వాంతులు, విరేచనాలై నోటితో ఏమీ తీసుకోలేని వారికి సీసా ప్రాణం పోస్తుంది. నిద్రలేక నీరసించినవాడికి మాత్రం అది సీసా ఖరీదు దండగ తప్ప మరేమీ కాదు. అయినా తేలికపడ్డట్టుంది అంటారు. అవును మరి, సీసా ఎక్కినంతసేపూ గంటన్నర కదలకుండా పడుకున్నారు కదా! పనిచేసిన మందు ఆ పడకే.

నిద్రే మొదటి పెట్టుబడి

వల వేసి రెండు నుంచి నాలుగు గంటలు లాగుతారు. పైకి తీసి చేపలు ఏరి, ఐసులో సర్ది, మళ్ళీ వల దింపుతారు. రాత్రనక పగలనక ఇదే వరస. అంటే నిద్ర గంట, గంటన్నర ముక్కలుగానే దొరుకుతుంది. అలాంటి ముక్కలు ఆరు కలిపినా ఏకబిగిన పడుకున్న నిద్రతో సమానం కావు. నిద్ర మాటిమాటికీ తెగిపోతుంది గనుక మెదడుకు విశ్రాంతి చాలదు.

పదిహేడు గంటలకు పైగా నిద్ర లేకుండా ఉన్నవాడి చురుకుదనం కొద్దిగా తాగినవాడి చురుకుదనం స్థాయికి పడిపోతుందని పరీక్షల్లో తేలింది. అతనికి మాత్రం తాను బాగానే ఉన్నట్లనిపిస్తుంది. అదే ప్రమాదం. పైగా తెల్లవారుజామున రెండు నుంచి అయిదు గంటల మధ్య ఎవరి మెదడైనా మందకొడిగానే పనిచేస్తుంది. ఇది మన దేహంలో ఉన్న గడియారం చేసే పని. ఎంత అనుభవజ్ఞుడైనా దానిని జయించలేడు.

దేశాల మధ్య సరుకు మోసే పెద్ద ఓడల్లో ఇందుకు ఖచ్చితమైన నియమం ఉంది. ప్రతి 24 గంటల్లో కనీసం 10 గంటలు, వారం మొత్తంలో 77 గంటలు విశ్రాంతి ఇవ్వాలి. ఆ పది గంటలనూ రెండు ముక్కలకు మించి చేయరాదు. ఒక ముక్క కనీసం ఆరు గంటలుండాలి. రోజుల తరబడి సముద్రంలో ఉండే చేపల బోట్లకు కూడా అదే పది గంటల లెక్కను అంతర్జాతీయ కార్మిక సంస్థ 2007లో తన ఒప్పందంలో సూచించింది.

మన బోట్లలో అంత వీలుకాదంటారా? కొంత వీలవుతుంది. ఎనిమిది మంది ఉంటే రెండు జట్లుగా విడిపోండి. ప్రతి మనిషికీ 24 గంటల్లో ఒకసారి నాలుగైదు గంటలు ఎవరూ లేపని నిద్ర ఉండాలి. అది రోజూ ఒకే వేళకు ఉంటే మరీ మంచిది. మిగతా రెండు మూడు గంటలు ముక్కలుగా సరిపెట్టుకోవచ్చు. రెండు నుంచి అయిదు గంటల మధ్య సరంగు పక్కన మరొక మనిషి మెలకువగా కూర్చోవాలి. చిన్న కునుకు తీయాలంటే ఇరవై నిమిషాలు చాలు. లేచిన వెంటనే వించి దగ్గరకు, తాళ్ళ దగ్గరకు పోకండి. ముఖం కడుక్కొని పావుగంట ఆగండి. మత్తు వదలని చేతులే తాళ్ళ మధ్య నలిగేది.

టీ తాగితే నిద్ర ఆగుతుందన్నది నిజమే. కాని తాగిన అయిదారు గంటల తర్వాత కూడా దాని ప్రభావం సగం మిగిలే ఉంటుంది. మీ పడక వంతుకు ముందు ఆరు గంటలు టీ మానండి.

తిండి, నీరు

బోటులో అన్నానికి లోటుండదు, చేపకు అసలే ఉండదు. లోటు ఉండేది కూరగాయలకు, పళ్ళకు. కట్టెపేడులు, ఉప్పుతో పాటు ఉల్లిపాయలు, నిమ్మకాయలు, క్యారెట్లు, అరటి గెల, వేరుశనగ ఉండలు, శనగలు కూడా ఎక్కించుకోండి. ఇవి నాలుగు రోజులైనా పాడు కావు, కొన్ని పది రోజులూ నిలుస్తాయి. శనగలు నానబెట్టి మొలకెత్తించడానికి సముద్రం అడ్డురాదు.

నీరు ముఖ్యం. ఎండలో పనిచేసే మనిషికి రోజుకు మూడు నాలుగు లీటర్లు తాగడానికే కావాలి. ఎనిమిది మందికి పది రోజులంటే, నాలుగు లీటర్ల చొప్పున 320 లీటర్లు. వంటకు వేరే. ఈ లెక్క వేసుకొని బయలుదేరండి. మూత్రం లేత పసుపులో ఉంటే నీరు సరిపోయినట్లు. ముదురు రంగులో ఉంటే సరిపోనట్లు. ఇంతకు మించిన పరీక్ష అక్కరలేదు. బాగా చెమట పట్టిన రోజున, లేక విరేచనాలైతే, లీటరు మంచినీటిలో ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు, తలగొట్టి కొలిచి కలిపి తాగండి. దాహం ఎంత వేసినా సముద్రపు నీరు గుక్కెడైనా మింగకూడదు. అది ఒంట్లో ఉన్న నీటిని కూడా లాగేస్తుంది.

షుగరు, రక్తపోటు ఉన్నవారు ట్రిప్పుకు సరిపడా మందులు, పైన మరో నాలుగు రోజులవి తీసుకెళ్ళండి. తుఫాను హెచ్చరిక వస్తే మధ్యలో ఏ రేవులో ఆగవలసి వస్తుందో తెలియదు. ఇన్సులిన్ సీసాను ఐసు మీద నేరుగా పెట్టకండి. గడ్డకట్టిన ఇన్సులిన్ పనికిరాదు. డబ్బాలో పెట్టి, గుడ్డ చుట్టి, ఐసుకు తగలకుండా ఉంచండి.

నొప్పి మాత్ర, మందు సీసా

నడుము నొప్పి వేటగాడికి తోబుట్టువు వంటిది. దానికి డైక్లోఫెనాక్ వంటి మాత్రలు రోజూ రెండేసి మింగేవారిని చూశాను. నీరు చాలని శరీరానికి, ఖాళీ కడుపుకు ఈ మాత్రలు శత్రువులు. కడుపులో పుండు చేస్తాయి. మూత్రపిండాలను దెబ్బతీస్తాయి. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కిడ్నీ జబ్బులు ఎందుకంత ఎక్కువో ఇంకా పూర్తిగా తేలలేదు. ఆ ప్రాంతం వారైతే ఈ మాత్రల జోలికి డాక్టరు చెప్పకుండా అసలే పోవద్దు. ఏటా ఒకసారి రక్తంలో క్రియాటినిన్, మూత్ర పరీక్ష చేయించుకోండి.

ఇక మందు. రేవుకు వచ్చి వాటా డబ్బులు చేతిలో పడ్డ రాత్రి, అలసట తీరాలంటే సీసా తప్పదంటారు. సారా నిద్ర పుచ్చుతుంది గాని నిద్రపోనివ్వదు. మొదటి రెండు గంటలు మొద్దునిద్ర. ఆ తర్వాత దాహం, గుండెదడ, కలత. మర్నాడు లేచేసరికి అలసట అలాగే ఉంటుంది, డబ్బు ఉండదు. పది రోజుల నిద్రబాకీ తీర్చుకోవలసిన రాత్రినే పాడుచేసుకోవడం తెలివైన పనేనా, మీరే ఆలోచించండి.

ఖాళీ వల వచ్చిననాడు

కలాసీకి జీతం లేదు, వాటా ఉంది. డీజిలు, ఐసు, సరుకుల ఖర్చు పోగా మిగిలినదానిలోనే వాటా. వరసగా రెండు ట్రిప్పులు సరిగా పడకపోతే చెమటంతా వృథా అయిందన్న బాధ ఎవరికైనా కలుగుతుంది. ఉత్సాహాన్ని చంపేది కష్టం ఒక్కటే కాదు, ఫలితం మన చేతిలో లేకపోవడం కూడా.

దీనికి మందు ఏమిటంటే, చేతిలో ఉన్నదానిని లెక్కపెట్టుకోవడం. ఎంత చేప పడిందన్నది సముద్రం ఇష్టం. వల చిరుగులు లేకుండా ఉంచామా, పట్టిన చేపను చెడకుండా ఐసులో సర్దామా, వంతు తప్పకుండా నిద్రపోయామా, అందరం క్షేమంగా తిరిగి వచ్చామా అన్నవి మన ఇష్టం. ట్రిప్పు ముగిశాక ఈ నాలుగూ సరిగా జరిగితే అది మంచి ట్రిప్పే. చేప తక్కువ పడితే బాధ ఉండనే ఉంటుంది. దానికి తోడు తన మీద తనకు చిన్నచూపు కలగకూడదు.

పనులు మార్చుకోండి. సీజనంతా ఒకే మనిషి ఐసు గదిలోనే వంగి పనిచేస్తే నడుమూ పోతుంది, మనసూ పోతుంది. రోజుకు ఒక్క పూటైనా అందరూ కలిసి కూర్చొని తినండి. ఆ పూట అప్పుల మాట, తప్పుల మాట ఎత్తకండి. కొత్తగా వచ్చిన కుర్రవాడికి నీటి రంగు, గాలి వాలు చూసి చేప జాడ ఎలా పట్టాలో చెప్పండి. నేర్పేవాడికి తన పని మీద మళ్ళీ ఇష్టం పుడుతుంది. చదువు చెప్పే పంతుళ్ళకు ఈ సంగతి బాగా తెలుసు.

అన్నిటికన్నా ముఖ్యం, విరామం. పది రోజుల ట్రిప్పు చేసివస్తే కనీసం రెండు పూర్తి రాత్రులు ఇంట్లో పడుకోండి. రెండు మూడు నెలలకు ఒక ట్రిప్పు మానుకోండి. "మానితే తిండెవరు పెడతారు?" అంటారు. బోటు యజమానులు ఇక్కడ పెద్దమనసు చేసుకోవాలి. ఇద్దరు కలాసీలను అదనంగా పెట్టుకొని వంతులవారీగా దింపితే ఎవరికీ పెద్ద నష్టం రాదు. వేలు తెగిన కలాసీకి, గట్టుకెక్కిన బోటుకు అయ్యే ఖర్చుతో పోలిస్తే ఇది చాలా తక్కువ.

ఒడ్డున ఉన్నవారికీ సీజనే

వేట మగవాడిదైతే అమ్మకం ఆడవారిది. తెల్లవారకముందే రేవుకు వెళ్ళి, వేలంలో చేప కొని, తట్టలో మోసుకెళ్ళి వీధివీధీ తిరిగే తల్లులకు అలసట రాదా? వస్తుంది. పైగా సముద్రం మీద ఉన్నవాడి గురించి బెంగ. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచి చాలామంది ఏటా గుజరాత్‌లోని వెరావల్ వంటి రేవులకు వలస వెళ్ళి, నెలల తరబడి అక్కడి బోట్లలోనే ఉంటారు. అలా వెళ్ళినవారిలో కొందరు 2018 నవంబరులో పాకిస్తాన్ వారికి చిక్కి, 2020 జనవరిలో గాని ఇల్లు చేరలేదు. అందువల్ల ఆ ఇల్లాళ్ళ బెంగను పిచ్చి భయమని కొట్టిపారేయలేం.

బెంగ తీరడానికి మన ఉత్తరాంధ్ర తీరంలో కొందరు ఆడవారు చుట్ట నిప్పు వైపు నోట్లో పెట్టుకొని అడ్డపొగ తాగుతారు. ఆ వేడి, ఆ పొగ నేరుగా అంగిలికి తగులుతాయి. అంగిట్లో క్యాన్సరు రావడానికి అది దగ్గర దారి. అమ్మా, అలవాటుంటే మానండి. వెంటనే మానలేకపోయినా అద్దం ముందు నోరు తెరిచి చూసుకోండి. అంగిట్లో తెల్లమచ్చ, ఎర్రమచ్చ, మూడు వారాలైనా మానని పుండు కనిపిస్తే ఆసుపత్రికి రండి. తొలిదశలో పట్టుకుంటే నయం చేయవచ్చు.

దూరంలో ఉన్న మనిషితో ఫోను మాట్లాడటానికి వారానికి ఒక రోజు, ఒక వేళ పెట్టుకోండి. అనుకున్న వేళకు వినిపించే గొంతు ఇద్దరికీ ధైర్యం. ఇంటి లెక్కలు, బాకీలు చెప్పక తప్పదు. కాని మాట మొదలూ చివరా పిల్లల కబుర్లుండేట్లు చూసుకోండి. మనిషి ఇల్లు చేరిన తొలి రాత్రి అన్నం పెట్టి పడుకోనివ్వండి. లెక్కలు రెండో రోజు మాట్లాడుకోవచ్చు.

అసలు జబ్బేమో చూసుకోండి

నీరసమంతా పని వల్లే అనుకోవడం కూడా పొరపాటే. రెండు వారాలకు మించిన దగ్గు, సాయంకాలపు జ్వరం, బరువు తగ్గడం ఉంటే క్షయకు పరీక్ష చేయించండి. అతిదాహం, మాటిమాటికీ మూత్రం అయితే షుగరు చూపించుకోండి. కళ్ళు, గోళ్ళు పాలిపోతే రక్తహీనత కావచ్చు. ఒళ్ళు బరువెక్కి, చలికి ఆగలేకపోతే థైరాయిడ్ కావచ్చు. వల లాగేటప్పుడు గుండెలో బరువుగా, ఎడమ చేతికి లాగినట్లుంటే ఆలస్యం చేయక ఇ.సి.జి. తీయించండి.

మరొకటి. విసుగు పని వరకే ఉంటే విరామంతో తగ్గుతుంది. రెండు వారాలపాటు దేనిమీదా ఆసక్తి లేక, పిల్లలను చూసినా సంతోషం కలగక, నిద్ర, ఆకలి చెడి, బతుకెందుకు అనిపిస్తుంటే అది మనోవ్యాకులత అనే జబ్బు. సిగ్గుపడవలసిందేమీ లేదు, మందు ఉంది. ప్రభుత్వంవారి టెలి-మానస్ నంబరు 14416. డబ్బు అక్కరలేదు, తెలుగులోనే మాట్లాడవచ్చు. చచ్చిపోతానన్న మాట మనిషి నోట వస్తే ఒంటరిగా వదలకుండా ఆసుపత్రికి తీసుకురండి. అలాంటి మనిషిని ఆ స్థితిలో బోటెక్కనివ్వకండి.

మీ సీజను ఏదైనా

ఇక మిగతా పాఠకులు. మీది వంటశాల కావచ్చు, కొట్టు కావచ్చు, పుస్తకాల బల్ల కావచ్చు. సూత్రాలు ఇవే. సీజను మొదటి వారంలోనే శక్తినంతా ధారపోయకండి. సెలవు రోజును ముందే కాలెండరులో గుర్తుపెట్టుకోండి. పని తగ్గాక తీసుకుందామంటే ఆ రోజు రాదు. రోజుకు ఏడు గంటల నిద్రలో కోత పెట్టి మిగిలించిన కాలం, మర్నాడు చేసే తప్పులు దిద్దుకోవడానికే సరిపోతుంది.

పదిహేను రోజులకొకసారి మిమ్మల్ని మీరు మూడు ప్రశ్నలు వేసుకోండి. నిద్రలేచేసరికి అలసట తీరుతోందా? పనిలో ఏ చిన్న సంగతైనా నాకు సంతోషం ఇస్తోందా? ఇంట్లోవాళ్ళు నాతో మాట్లాడటానికి జంకుతున్నారా? మూడో ప్రశ్నకు జవాబు మీ భార్యనో భర్తనో అడిగి తెలుసుకోండి. మొదటి రెండింటికి లేదనీ, మూడోదానికి అవుననీ జవాబు వస్తే, మీకు కావలసింది టానిక్కు కాదు, విరామం.

చేప మళ్ళీ పుట్టడానికి సముద్రానికే ఏటా 61 రోజులు విడుపు ఇస్తున్నాం. సముద్రంతో పోలిస్తే మనిషి ఎంత! వారానికో రోజు, పక్షానికో రెండు రోజులు అతనికీ ఇవ్వండి.